నానమ్మ పాటలు, నాలుగు మిల్లీవోల్టులు

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో సజ్జ మీదున్న ట్రంకు పెట్టె కిందికి దింపాం. మాది చైతన్యపురిలో మూడో అంతస్తు, పైన డాబా తప్ప ఇంకేం లేదు. మే నెలలో ఆ సజ్జ మీద చెయ్యి పెడితే కాలుతుంది. అలాంటి చోట పాతికేళ్లు పడున్న పెట్టెలో తాత రికార్డులు ఉన్నాయి. నలభై దాకా ఈపీలు, పదకొండు ఎల్పీలు, అడుగున పాత పేపర్లలో చుట్టిన బరువైన 78లు. నానమ్మ వాటిని ఇప్పటికీ ప్లేట్లు అనే అంటుంది. తాత నల్లగొండ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చినప్పుడు తెచ్చుకున్న సామానులో మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. వాటిని వాయించే హెచ్‌ఎంవీ ఫియస్టా ప్లేయర్ ఎప్పుడో పాత సామాన్లాయనకి వెళ్లిపోయింది.

“ఒక్కసారి ఇనిపియ్యి బిడ్డా, చెవులు ఇంకింత పనిచేస్తున్నప్పుడే” అంది నానమ్మ. ఆమెకి 76 ఏళ్లు. ఏడాదిగా టీవీ సౌండ్ పెంచుతూనే ఉంది, అయినా “మాటలు సమజయితలేవు” అంటూనే ఉంది. అంటే నాకున్న టైమ్ తక్కువ.

నేను ఈసీఈ మూడో సంవత్సరం. చేతిలో ఇంటర్న్‌షిప్‌లో మిగిలిన 25 వేలు. ఒక టర్న్‌టేబుల్, రెండు స్పీకర్లు కొంటే అయిపోతుంది కదా అనుకున్నా. మూడు నెలలు పట్టింది. టర్న్‌టేబుల్ గురించి సలహా ఇచ్చేవాళ్లు చాలామంది దొరికారు. దాని వెనక ఏం తగిలించాలి, రిసీవరా, యాంప్లిఫయరా, పవర్డ్ స్పీకర్లా అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట. డబ్బులు పోయేది సరిగ్గా అక్కడే. మన క్లబ్బులోనే ఇద్దరు ముగ్గురు రికార్డుల మీద పడ్డారని తెలిసి ఇది రాస్తున్నా.

ముందు నా మొదటి తప్పు చెప్పేస్తా, ఎందుకంటే మనలో చాలామందికి అమెరికాలో ఎవరో ఒకరు ఉంటారు. డల్లాస్‌లో ఉండే మా చిన్నాన్న అక్కడెవరో గరాజ్‌లో అమ్ముతున్న పాత టర్న్‌టేబుల్ కొని సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాడు. వెనక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంది. వోల్టుల సంగతి నాకు తెలుసు కాబట్టి ఎల్బీనగర్‌లో ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నా. 60 హెర్ట్జ్ అన్న మాటని మాత్రం చదివి వదిలేశా. సుశీల పాట పెడితే ఎవరో మగాయన నిద్రలో పాడుతున్నట్టు వచ్చింది. నానమ్మ ఒక్క క్షణం విని “గీమె సుశీలనే కాదు” అని తేల్చేసింది.

ఆ మోటారు సింక్రనస్ మోటారు. కరెంటు సెకనుకి ఎన్ని సార్లు అటూ ఇటూ అయితే దాని ప్రకారమే తిరుగుతుంది. అమెరికాలో 60, మన దగ్గర 50. అంటే 33⅓ ఆర్‌పీఎంలో తిరగాల్సిన ఎల్పీ 27.8లో, 45లో తిరగాల్సిన ఈపీ 37.5లో తిరుగుతాయి. శ్రుతి సుమారు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు, ఇది మనం సెకండియర్‌లో పరీక్ష రాసి పాసైన సంగతే. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు ఉన్న వాటికి ఈ బాధ లేదు. “పోనీ రిసీవర్ అయినా తెస్తా, పెద్దది ఉంది” అన్నాడు చిన్నాన్న. వద్దన్నా. రిసీవర్‌కి ఫ్రీక్వెన్సీతో పెద్ద పేచీ లేదు కానీ వెనక వోల్టేజీ మార్చే స్విచ్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌తోనే బతకాలి. ఒకరోజు ఇంట్లో ఎవరో తెలియక దాన్ని నేరుగా 230లో గుచ్చితే అంతే సంగతులు. పైగా పాత రిసీవర్ అంటే పది, పదిహేను కిలోలు. సూట్‌కేసులో సగం.

సరే, చివరికి కొత్త టర్న్‌టేబులే కొన్నా. బెల్ట్ డ్రైవ్, డీసీ మోటారు, మూవింగ్ మ్యాగ్నెట్ కాట్రిడ్జ్. సగం డబ్బు దానికే పోయింది. మిగిలింది 12 వేలు.

ఇప్పుడు అసలు కథ. ఎల్బీనగర్‌లో నలభై ఏళ్లుగా రేడియోలు, టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన్ని అడిగితే “దానికేముంది, రెండు వైర్లు తీసి టేప్ రికార్డర్ ఆక్స్‌లో గుచ్చు, పాడతది” అన్నాడు. ఇంట్లో ఉన్న పాత మ్యూజిక్ సిస్టమ్ ఆక్స్‌లో గుచ్చా. పాడింది, కానీ చెవి దగ్గర దోమ పాడినట్టు. వాల్యూమ్ మొత్తం తిప్పితే పాట కన్నా గుయ్‌మనే హమ్ ఎక్కువ. కాట్రిడ్జ్ పోయిందనుకుని ఒక రాత్రంతా నిద్రపట్టలేదు.

ఆ పెద్దాయన అబద్ధం చెప్పలేదు. ఆయన కాలానికి అది నిజమే. ఫియస్టా లాంటి ప్లేయర్లలో ఉండేది సెరామిక్ కాట్రిడ్జ్. సూది ఒక పీజో ముక్కని వంచితే వందల మిల్లీవోల్టులు నేరుగా వచ్చేవి. పాత వాల్వు రేడియోల వెనక గ్రామఫోన్ తగిలించడానికి సాకెట్ ఉండేది, అందులో పెడితే చాలు. స్పీకర్ ప్లేయర్ మూతలోనే ఉండేది కాబట్టి మా తాతకి ఏ స్పీకర్ కొనాలన్న ప్రశ్నే రాలేదు. ఇప్పటి కాట్రిడ్జ్ పద్ధతి వేరు. సూది చివర చిన్న అయస్కాంతం, పక్కన తీగచుట్టలు. అది రికార్డు మీద మోపే బరువు సుమారు రెండు మూడు గ్రాములే, అందుకే గాళ్లు అంతగా అరగవు. కానీ దాన్నుంచి వచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు మాత్రమే. ఆక్స్ ఇన్‌పుట్ ఎదురుచూసేది కనీసం రెండు మూడు వందల మిల్లీవోల్టుల కోసం. మధ్యలో వంద రెట్ల దాకా పెంచేవాడు ఒకడు కావాలి. వాడి పేరే ఫోనో ప్రీయాంప్.

వాడి పని పెంచడం ఒక్కటే అయితే మామూలు మైక్ ప్రీయాంప్ కూడా చాలేది. ఇంకో పని ఉంది. రికార్డు కోసేటప్పుడు బేస్‌ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ ఎంత ఊగుతుందంటే పక్క గాడిలోకి వెళ్లిపోతుంది, ఇరవై నిమిషాల పాట ఒక వైపు పట్టదు. అందుకని బేస్‌ని తగ్గించి, ట్రెబుల్‌ని పెంచి కోస్తారు. బొంతని ట్రంకు పెట్టెలో పట్టేలా నొక్కి మడిచినట్టు. వాయించేటప్పుడు మళ్లీ అదే లెక్కన విప్పాలి. ఎంత నొక్కాలి, ఎంత విప్పాలి అన్నది 1954లో ఆర్‌ఐఏఏ ప్రమాణంగా కుదిరింది. ఈసీఈ వాళ్ల కోసం, టైమ్ కాన్‌స్టెంట్లు 3180, 318, 75 మైక్రోసెకన్లు. ఈ విప్పడంలో 50 హెర్ట్జ్ శబ్దం 1000 హెర్ట్జ్ శబ్దం కన్నా ఏడు రెట్లు ఎక్కువ పెరుగుతుంది. 10,000 హెర్ట్జ్ దగ్గర ఐదో వంతుకి తగ్గుతుంది. నాకు దోమ వినపడింది ఎందుకో ఇప్పుడు అర్థమైందా? నేను మడిచిన బొంతని మడిచినట్టే చూస్తున్నా.

ఇందులోనే ఇంకో విషయం ఉంది. ఫోనో ప్రీయాంప్ 50 హెర్ట్జ్‌ని అంత గట్టిగా పెంచుతుంది కాబట్టి మన కరెంటు హమ్‌ని కూడా అంతే ప్రేమగా పెంచుతుంది. టర్న్‌టేబుల్ వెనక సన్నటి ఎర్త్ తీగ వేలాడుతుంటే దాన్ని ప్రీయాంప్ లేదా రిసీవర్ మీద ఉన్న గ్రౌండ్ స్క్రూకి బిగించాలి. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల హాస్టళ్లలో, పాత పోర్షన్లలో త్రీపిన్ సాకెట్ ఉన్నా దాని వెనక ఎర్త్ ఉంటుందన్న నమ్మకం లేదు. టెస్టర్‌తో ఒకసారి చూసుకోండి. కరెంటు పోయి చౌక రకం ఇన్వర్టర్ మీద నడుస్తుంటే ఒక రకమైన జీరధ్వని వస్తుంది, దానికి మీ స్పీకర్లని తిట్టకండి.

చాలా కొత్త టర్న్‌టేబుళ్లలో ఫోనో ప్రీయాంప్ లోపలే ఉంటుంది. నాదానిలోనూ ఉంది! వెనక ఫోనో, లైన్ అని చిన్న స్విచ్. అది ఫోనో మీద ఉంది. లైన్ మీదకి జరిపితే పాట వచ్చేసింది. నేను నిద్ర పాడుచేసుకున్నది గోరంత స్విచ్ కోసం. కొత్తపేట హాస్టల్‌లో ఉండే మా క్లాస్‌మేట్ దీనికి ఉల్టా చేశాడు. టర్న్‌టేబుల్‌ని లైన్ మీద పెట్టి, యాంప్‌లో మళ్లీ ఫోనో ఇన్‌పుట్‌లోనే గుచ్చాడు. వంద రెట్లు పెరిగినదాన్ని మళ్లీ వంద రెట్లు పెంచమంటే ఆ యాంప్ పాడుతుందా? గరగరమని అరిచింది. కాట్రిడ్జ్ నుంచి స్పీకర్ దాకా దారిలో ఫోనో ప్రీయాంప్ ఒక్కటంటే ఒక్కటే ఉండాలి. కొనడానికి షాపుకెళ్లే ముందు అది ఎక్కడుందో, టర్న్‌టేబుల్‌లోనా, యాంప్‌లోనా, లేక విడిగా డబ్బాలోనా అన్నది తేల్చుకుంటే సగం పని అయినట్టే.

మిగతా సగం కోసం దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక షోరూమ్‌కి వెళ్లా. టర్న్‌టేబుల్‌కి స్పీకర్లు కావాలంటే కుర్రాడు తీసుకెళ్లి 5.1 హోమ్ థియేటర్ ముందు నిలబెట్టాడు. “అన్నా, గిది పెడితే కింద ఫ్లోర్ అద్దాలు ఊగుతయ్” అన్నాడు. డబ్బా మీద వేలల్లో వాట్లు, పక్కన పీఎంపీఓ అని చిన్నక్షరాలు. ఆ నాలుగక్షరాలు కనిపిస్తే అంకెని మర్చిపోండి. ఒక క్షణంలో వెయ్యో వంతు సేపు ఏదో ఊహించుకుని రాసుకునే లెక్క అది. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు. అవి కూడా ఎన్ని కావాలో మనమే లెక్క కట్టుకోవచ్చు.

మా హాలు 10 అడుగులు, 12 అడుగులు. మామూలు చిన్న స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అనుకోండి. అంటే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్. రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే ఆరు తగ్గి 81. స్పీకర్లు రెండు కాబట్టి మూడు కలిపితే 84. ఇంట్లో హాయిగా పాట వినడానికి 75 చాలు, అంటే వాట్‌లో ఎనిమిదో వంతు. పాటలో హఠాత్తుగా డప్పు పడి 15 డెసిబెల్స్ లేచినా నాలుగు వాట్లు. ఇరవై ముప్పై వాట్ల నిజమైన యాంప్ ఉంటే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు తలుపు కొట్టేంత సౌండ్ వస్తుంది. వేల వాట్లు డబ్బా మీద మాత్రమే ఉంటాయి.

నాకు ఆ 5.1 వద్దనిపించడానికి అసలు కారణం వేరే. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందు పోయేది పైస్థాయి ఫ్రీక్వెన్సీలు. అచ్చులు వినపడతాయి, వాటి మధ్యలో ఉండే స, శ, త, క లాంటి హల్లుల పదును పోతుంది. అందుకే నానమ్మకి గొంతు వినపడుతోంది కానీ మాట అర్థం కావట్లేదు. ఆ పరిస్థితిలో సబ్‌వూఫర్ పెట్టి దడదడలాడిస్తే ఉన్న నాలుగు హల్లుల్ని కూడా ఆ బేస్ మింగేస్తుంది. ఇంకొకటి, ఎండకి వంగిన రికార్డు మీద సూది పడవలో ఎక్కినట్టు పైకీ కిందికీ పోతుంది. ఆ కదలిక మన చెవికి వినపడదు కానీ సబ్‌వూఫర్ కోన్ మాత్రం ఊపిరాడనట్టు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. మా సజ్జ మీద కాగిన పదకొండు ఎల్పీల్లో నాలుగు వంగాయి. కాబట్టి నాకు కావాల్సింది మనిషి గొంతుని శుభ్రంగా పలికే రెండు మామూలు స్పీకర్లు. నాలుగైదు అంగుళాల వూఫర్, పైన ఒక ట్వీటర్.

షాపులో వినేటప్పుడు వాళ్లు పెట్టే డెమో పాట వినకండి. అది బాగుండేలాగే ఎంచి పెట్టుకుంటారు. మీ రికార్డుల్లో ఉన్న పాటలే ఫోన్‌లో పెట్టుకుని, ఒక ఆక్స్ కేబుల్ జేబులో వేసుకుని వెళ్లండి. నేను తీసుకెళ్లింది ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక బయటికొచ్చిన రికార్డు అది, మా పెట్టెలో దాని ఎల్పీ ఉంది. శ్లోకం పాడతారు, వెంటనే తాత్పర్యం మాటల్లో చెప్తారు. గొంతుకి అడ్డం వచ్చే వాయిద్యాల గోల లేదు. స్పీకర్ బాగుందో లేదో ఒక్క నిమిషంలో దొరికిపోతుంది. ముక్కులోంచి వస్తున్నట్టుందా, కుండలోంచి వస్తున్నట్టుందా, ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టుందా. ఒక్కటే ఇబ్బంది. మన ఊళ్లల్లో ఆ గీత మైకులో వినపడితే ఎవరో పోయారని అర్థం. ఒక షాపులో నేను అది పెట్టగానే ఓనర్ పరుగున వచ్చి “బోణీ టైమ్‌లో ఏందిది తమ్మీ” అని ఆపించేశాడు. ఇంట్లో మొదటిసారి పెట్టినరోజు పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు దగ్గరకొచ్చి, నానమ్మ కూర్చుని ఉండటం చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది.

ఇక పవర్డ్ స్పీకర్లా, రిసీవరా అన్న ప్రశ్న. పవర్డ్ స్పీకర్లంటే యాంప్ లోపలే ఉన్న జత. టర్న్‌టేబుల్‌లో ప్రీయాంప్ ఉంటే రెండు వైర్లు గుచ్చి కూర్చోవడమే. ఎడిఫైయర్ ఆర్1280టీ లాంటివి ఈ రకం, రెండూ కలిపి 42 వాట్లు ఆర్‌ఎంఎస్, నాలుగంగుళాల వూఫర్లు, పక్కన బేస్, ట్రెబుల్ నాబ్‌లు. హాస్టల్ రూమ్‌లో ఉండి, కొత్తగా ముద్రించిన రికార్డులు రెండు మూడు కొని మొదలుపెట్టేవాడికి నేను ఇదే చెప్తా. ఇంకేం ఆలోచించొద్దు. కొత్తపేట హాస్టల్ క్లాస్‌మేట్ చివరికి ఇలాంటివే తీసుకున్నాడు, సంతోషంగా ఉన్నాడు. బ్లూటూత్‌లో పంపే టర్న్‌టేబుళ్లు కూడా ఉన్నాయి, పనిచేస్తాయి, కానీ అంత కష్టపడి రికార్డు తిప్పి మళ్లీ దాన్ని డిజిటల్ చేసి గాల్లోకి వదలడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంట్లో ఇప్పటికే టీవీకి ఏవీ రిసీవర్ ఉంటే ముందు దాని వెనక ఫోనో అన్న సాకెట్ ఉందేమో చూడండి. చాలా వాటిలో ఉండదు. లేకపోయినా ఆక్స్‌లో పెట్టుకోవచ్చు, ప్రీయాంప్ ముందెక్కడో ఉంటే. స్టీరియో మోడ్‌లో పెట్టి వినండి, ఉన్న రెండు చానళ్లని అది ఐదు చేయబోతుంది.

నేను మాత్రం పవర్డ్ స్పీకర్లు కొనలేదు. కారణం మోనో బటన్.

మా ఈపీల మీద స్టీరియో అన్న మాట ఎక్కడా లేదు. డెబ్బైల దాకా మన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోనే. మోనో రికార్డులో గాడి పక్కలకి మాత్రమే ఊగుతుంది. 1958లో స్టీరియో రికార్డులు మార్కెట్‌లోకి వచ్చినప్పుడు గాడి రెండు గోడల్నీ 45 డిగ్రీల్లో వాడుకుని ఎడమ, కుడి చానళ్లు వేరుచేశారు. అంటే స్టీరియో కాట్రిడ్జ్ పక్క కదలికనే కాదు, పైకీ కిందికీ కదలికని కూడా చదువుతుంది. మోనో రికార్డులో పైకీ కిందికీ ఏముంటుంది? పాట లేదు. దుమ్ము, గీతలు, అరుగుదల, వంకరలు ఉంటాయి. తాత ఫియస్టా బరువైన సూది ఇన్నేళ్లలో చేసిన గాయాలన్నీ ఉంటాయి. ఎడమ, కుడి చానళ్లని ఒకటిగా కలిపేస్తే ఆ నిలువు కదలిక ఒక దాంట్లో ప్లస్, ఇంకోదాంట్లో మైనస్ అయి కొట్టుకుపోతుంది, పాట మిగులుతుంది. చిటపటలు పూర్తిగా పోవు కానీ వాన కాస్తా తుంపర అవుతుంది. పాత స్టీరియో యాంప్‌లలో, రిసీవర్లలో ఈ పనికి ముందువైపే ఒక బటన్ ఉండేది. ఇప్పటి పవర్డ్ స్పీకర్లలో అది చూద్దామన్నా నాకు దొరకలేదు.

ఆ బటన్ కోసం కోఠి వెళ్లా. చైతన్యపురిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో రైలు మారి, సుల్తాన్ బజార్‌లో దిగితే గుజరాతీ గల్లీ నడిచేంత దూరం. అక్కడ రెసిస్టర్ దగ్గర్నుంచి లారీ హారన్ దాకా దొరుకుతాయి, పాత యాంప్‌లు ఎక్కడున్నాయో అడుక్కుంటూ పోవాలి. సోనోడైన్, కాస్మిక్ లాంటి మన దేశపు పేర్లు ఇంకా కనపడతాయి. నేను జేబులో మల్టీమీటర్ పెట్టుకెళ్లా. షాపాయన నవ్వాడు కానీ పక్కకి జరిగి చోటిచ్చాడు. పాట లేకుండా, వాల్యూమ్ సున్నా మీద, స్పీకర్ టెర్మినల్స్ మధ్య డీసీ వోల్టేజీ చూడాలి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే ఫర్వాలేదు. వోల్టుల్లో ఉంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయినట్టే, అది మీ స్పీకర్ కాయిల్‌ని కాల్చేస్తుంది. నేను చూసిన మొదటి యాంప్‌లో ఒక చానల్ 11 వోల్టులు చూపించింది. పైకి మాత్రం అద్దంలా మెరుస్తోంది. తర్వాత వాల్యూమ్ నాబ్ నిదానంగా తిప్పి కరకర వస్తుందా వినాలి, కొంచెం వస్తే క్లీనర్ కొడితే పోతుంది. ఆక్స్ పనిచేస్తే ఫోనో కూడా పనిచేస్తుందని అనుకోవద్దు, ఆ సర్క్యూట్ వేరు. ఫోనో మీద పెట్టి, సాకెట్ లోపలి పిన్నుని స్క్రూడ్రైవర్‌తో తాకితే రెండు వైపులా హమ్ రావాలి. వాల్యూమ్ తక్కువలో పెట్టి చేయండి.

నాలుగో షాపులో దొరికింది. 4,500. ఫోనో ఇన్‌పుట్, మోనో బటన్, బేస్, ట్రెబుల్ నాబ్‌లు. మెట్రో స్టేషన్ స్కానర్‌లో అది వెళ్లినప్పుడు సెక్యూరిటీ ఆయన రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. స్పీకర్లు మా సీనియర్ దగ్గర 7 వేలకి కొన్నా, ఐదంగుళాల వూఫర్, 8 ఓమ్స్. యాంప్ వెనక కనీసం ఎన్ని ఓమ్స్ అని రాసుందో స్పీకర్ అంతకన్నా తగ్గకూడదు, అంతవరకు చూసుకుంటే చాలు. స్పీకర్ తీగ కోసం మీటరుకి వందలు అడిగేవాళ్లున్నారు. ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఐదు మీటర్లు వేస్తే రానూపోనూ 0.12 ఓమ్ కూడా రాదు. 8 ఓమ్స్ ముందు అదెంత.

పాత యాంప్ వెతికే ఓపిక లేనివాళ్లకి ఒక దారి ఉంది, మనం ఇంజనీరింగ్ చదువుతున్నది ఎందుకు. ప్రీయాంప్ తర్వాత ఎడమ, కుడి తీగల్లో ఒక్కో 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, వాటి చివర్లు కలిపి, ఆ కలిసిన చోటు నుంచి రెండు స్పీకర్లకీ ఇవ్వడమే. పక్కనే ఒక స్విచ్ పెడితే స్టీరియోకి తిరిగి రావచ్చు. మన ల్యాబ్ డ్రాయర్‌లో ఉన్న సామానే.

ఇంట్లో పెట్టే చోటు గురించి తక్కువ చెప్తారు కానీ నాకు స్పీకర్ మార్చినంత తేడా అక్కడే కనిపించింది. టర్న్‌టేబుల్‌ని, స్పీకర్లని ఒకే బల్ల మీద పెట్టకూడదు. స్పీకర్ అదురు సూదికి చేరి, సూది దాన్ని మళ్లీ స్పీకర్‌కి పంపి, చివరికి ఓ అని ఊళ మొదలవుతుంది. ఎల్బీనగర్‌లో విజయవాడ హైవేకి ఆనుకుని ఉన్న మా ఫ్రెండ్ ఇంట్లో లారీ వెళ్లినప్పుడల్లా సూది ఉలిక్కిపడేది. విదేశాల్లో దీనికోసం గోడకి బిగించే ప్రత్యేకమైన షెల్ఫులు అమ్ముతారు. మన ఇళ్లల్లో గోడలో దిగేసిన కడప బండల అలమర ఉండనే ఉంది! అంతకన్నా కదలనిది ఇంకేముంటుంది. వాడు టర్న్‌టేబుల్‌ని టీవీ స్టాండ్ మీద నుంచి ఆ కడప బండ మీదకి మార్చాడు, లారీల గోల పోయింది. మా ఇంట్లోనూ అక్కడే ఉంది, కిందున్న పూజ సామాను ఇంకో అరలోకి వెళ్లింది. దానికి నానమ్మ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

స్పీకర్లు మాత్రం రెండు స్టీల్ స్టూళ్ల మీద, నానమ్మ దివాన్ మీద కూర్చుంటే ఆమె చెవి ఎత్తుకి ట్వీటర్ వచ్చేలా. గోడకి ఒక అడుగు ముందుకి, లేకపోతే వెనకున్న రంధ్రంలోంచి వచ్చే బేస్ గోడకి కొట్టుకుని కుండలా మోగుతుంది. టైల్స్ నేల మీద మాట కంగుమంటుంటే మధ్యలో ఒక బొంత పరిచాం. ప్లస్, మైనస్ తీగలు ఒక స్పీకర్‌కి తారుమారయ్యాయేమో తెలుసుకోవడానికి మోనో రికార్డు మంచి పరీక్ష. గొంతు సరిగ్గా రెండిటి మధ్య గాల్లోంచి రావాలి. ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పలేకపోతే తీగలు మార్చి పెట్టండి.

అన్నీ కుదిరాక ఒక ఆదివారం పొద్దున మోనో బటన్ నొక్కి, బేస్ రెండు గీతలు తగ్గించి, ట్రెబుల్ ఒక గీత పెంచి సుశీల ఈపీ పెట్టా. ట్రెబుల్ ఇంకా పెంచితే మాట ఇంకా తేటగా వస్తుంది, దాంతోపాటు బుస కూడా. ఎక్కడ ఆపాలో నాకు తెలియక నాబ్ నానమ్మకే వదిలేశా. ఆమె నాకన్నా ఒక గీత ఎక్కువే పెట్టుకుంది. పల్లవి అయ్యేసరికి పెదాలు కదులుతున్నాయి, చరణంలో ఒక మాట ముందే అనేసింది. “గీమె సుశీల” అంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం రెండు ప్లేట్లు. గీత మాత్రం పొద్దున పూటే. అడుగున ఉన్న 78లు ఇంకా పేపర్లలోనే ఉన్నాయి. వాటి గాడి వెడల్పు, మన ఎల్పీ సూది అందులో పెడితే అడుగున ఉన్న దుమ్ములో దొర్లుతుంది. మూడు మిల్లుల సూది వేరే తెప్పించాలి, 78లో తిరిగే టర్న్‌టేబుల్ కూడా కావాలి. నాదానిలో 33⅓, 45 మాత్రమే ఉన్నాయి. నానమ్మ రోజూ అడుగుతోంది, అందులో వాళ్ల నాయన కొన్న హరికథ ఉందట.